నేను పెట్టిన చుక్క

మా ఆఫీసులో కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాషని అందరూ అత్తగారు అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఈవిడకి ఏదైనా పూసగుచ్చినట్టు విడమరిచి చెప్పాలి. వేరే భాషల్లో ఒక్క లైనుతో పోయే పనికి ఇక్కడ పేజీ పడుతుంది. వాక్యం చివర చుక్క మరిచిపోయామా, ఇల్లు పీకి పందిరేస్తుంది. బస్సు డిపోల్లో ఏ డ్రైవరు ఎప్పుడు బండి ఎక్కాలో తేల్చే ప్రోగ్రాం మొత్తం ఈవిడ చేతిలోనే ఉంది. ఆఫీసులో ఈవిడ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. తోటివాళ్లంతా కొత్త భాషల్లోకి వెళ్లి బాగుపడుతుంటే నేను మాత్రం ఇష్టంలేని కాపురం ఈడుస్తున్నాను. అయినా నా హయాంలో డ్రైవరు లేక ఒక్క బస్సూ ఆగలేదు. ఈ మాట ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతాను.

చివరికి నా కష్టాలు గట్టెక్కే రోజు వచ్చింది. కొత్త టీం అదే ప్రోగ్రాంని కొత్త భాషలో రాసేసింది. ఆ టీం లీడరు ఒక అమ్మాయి. పనిలో తన వేగం చూసి అందరం జెట్ అని పిలుస్తాం. పాత నియమాలన్నీ కొత్తదాంట్లోకి వచ్చాయని నేను సంతకం పెడితే చాలు, నన్ను ఆ టీంలోకి తీసుకుంటారు. పెట్టకపోతే అత్తగారింట్లోనే. మేనేజరు ఈ సంగతి పెన్ను చేతికిచ్చి మరీ చెప్పాడు.

కొత్త ప్రోగ్రాం నమూనాగా వేసిన వచ్చే వారం డ్యూటీలు నా ముందు పెట్టారు. ఎప్పుడైనా సరే నేను ముందు వెతికేది మా అన్నయ్య పేరే. అన్నయ్య సిటీ బస్సు నడుపుతాడు. సెలవు ఎప్పుడో ముందే చెప్పకపోతే వదిన ఊరుకోదు.

మంగళవారం ఆఖరి బస్సు. బుధవారం మొదటి బస్సు. మధ్యలో మనిషి ఇంటికెళ్లి చెప్పులు విప్పి మళ్లీ వేసుకునేంత వ్యవధి ఉంది.

"ఇదేంటి? రాత్రి బండి దిగినవాళ్లకి తెల్లారే డ్యూటీ వెయ్యకూడదు కదా?" అన్నాను.

"అది దూరం వెళ్లే బస్సులకే కదక్కా" అంది జెట్. "మీ ప్రోగ్రాంలోనే అలా ఉంది. కావాలంటే చూడండి."

తెర మీద చూపించింది. 'దూరం బస్సు అయితే' అని ఒక షరతు. దాని కింద కాస్త లోపలికి జరిపి రెండు లైన్లు. రెండోది విశ్రాంతి సంగతి చూసే లైను. జెట్ వాడే భాషలో లోపలికి జరిగి ఉన్నవన్నీ పై షరతు కిందికే వస్తాయి. పాపం, ఆ అలవాటుతోనే ఇదీ చదివింది. అత్తగారి దగ్గర ఈ జరగడాలు చెల్లవు. ఆవిడకి చుక్కే చట్టం. మొదటి లైను చివర చుక్క ఉంది కాబట్టి షరతు అక్కడితో సరి. కింద ఉన్న విశ్రాంతి నియమం డ్రైవర్లందరికీ వర్తిస్తుంది.

"అయ్యో, ఆ చుక్క ఎవరో పొరపాటున పెట్టారనుకున్నా."

"ఎవరో కాదు, నేనే. పొరపాటునా కాదు."

మొదట్లో ఆ నియమం నిజంగానే దూరం బస్సులకే ఉండేది. సిటీ డ్రైవర్లు పట్టుబట్టి తమకూ సాధించుకున్నారు. ప్రోగ్రాం మార్చే పని నాకొచ్చింది. కొత్తగా ఒక్క మాట రాయలేదు. ఒక్క చుక్క పెట్టి డ్రైవర్లందరి కంటికీ కునుకు ఇచ్చాను. ఆ రోజు ఆఫీసంతా తిరిగి డప్పు కొట్టుకున్నాను. కింది లైనుని బయటికి జరపాలని మాత్రం తోచలేదు. అత్తగారికి అర్థమైంది కదా, చాలనుకున్నాను.

మేనేజరు గొంతు తగ్గించాడు. "ఈ ఒక్కటీ వాళ్లు సరిచేసేస్తారు. మీరు సంతకం పెట్టేయండి."

ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు? పెన్ను మూత కూడా తీశాను. కానీ అన్నయ్య పేరు కాబట్టి ఇది నా కంటబడింది. ఇలాంటి చుక్కలు ఇంకెన్ని ఉన్నాయో, వాటి కింద ఎవరి నిద్ర ఉందో ఎవరు చూస్తారు?

"మొత్తం మొదటినుంచీ చదవాలి. నెలలు పడుతుంది" అన్నాను.

"ఎవరు చదువుతారు?" అన్నాడాయన. అడిగి, నా వైపే చూశాడు. జెట్ కూడా నా వైపే చూసింది.

పెన్ను మూత పెట్టేశాను. "నేనే. చదివాకే సంతకం పెడతాను."

జెట్ ముఖం చిన్నబోయింది. "మీ కుర్చీ కూడా తెప్పించానక్కా. అయినా ఈవిడ మీకు చుక్కలు చూపిస్తోందని మీరే అంటారు కదా?"

"చూపిస్తోంది. ఏ చుక్క ఎక్కడుందో ఇప్పుడు నాకే తెలుసు."

ఆ మాట అన్నాక నాకే ఒళ్లు పొంగింది. ఆ సాయంత్రం మాత్రం ఇంటికెళ్లి గిన్నెల మీద కోపం తీర్చుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అని ఊరికే అనలేదు.

ఆ వారం డ్యూటీలు పాత ప్రోగ్రామే వేసింది. బుధవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ అన్నయ్యకి ఫోన్ చేశాను. వదిన ఎత్తింది.

"మీ అన్నయ్య ఇంకా లేవలేదు. రాత్రి ఆఖరి బస్సు కదా, బాగా పొద్దుపోయి వచ్చారు. లేపనా?"

"వద్దొదినా. పడుకోనీ."

ఆవిడ మాటల వెనక అన్నయ్య గురక వినిపిస్తోంది. ఇన్నేళ్లలో నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే.