పిపెట్‌లో చివరి చుక్క

స్కూలు ల్యాబులో గాజుసామాను కడిగే ఆవిడ పిల్లలకి మొదట చెప్పే మాట ఒకటే. "పిపెట్ కొసన చివరి చుక్క మిగిలిపోతుంది. దాన్ని ఊదకండి. అది మన లెక్కలోది కాదు." అందుకే ఆవిడకి చుక్కలమ్మ అని పేరు పెట్టారు.

ఆ గాజుగొట్టంలోకి ఊదితే యాసిడ్ కొలత తప్పుతుంది. పైగా, ఊదినవాళ్ళు దాచుకున్న మాట ఆ చుక్కతోపాటు ఫ్లాస్కులోకి దిగుతుంది. గులాబి రంగు తిరగ్గానే ఫ్లాస్కు దాన్ని పైకి అనేస్తుంది. పోయిన ఏడాది లెక్కల మాస్టారు సరదాకి ఊదితే, ఆయనది విగ్గని ఫ్లాస్కు క్లాసంతటికీ చెప్పేసింది.

ఆరోజు ప్రాక్టికల్ పరీక్ష. ఏడో బల్ల దగ్గర చుక్కలమ్మ కూతురు. పాసైతే నర్సింగు కాలేజీలో సీటు, తప్పితే మళ్ళీ ఏడాదికే.

"ముఖం అలా పాలిపోయిందేమే?"

"భయమమ్మా. నువ్వు పక్కనుంటే ఇంకా భయం. వెళ్ళి నీ గ్లాసులు కడుక్కో."

రెండుసార్లు రంగు తిరిగేసరికి బ్యూరెట్ కొలత పద్దెనిమిది పాయింటు నాలుగు దగ్గర ఆగింది. మూడోసారీ అంతే వస్తే గట్టెక్కినట్టే. పిపెట్ మీదికి వంగిన పిల్లకి గుండెల్లో ఏదో పట్టేసినట్టయింది. ఊపిరి ఒక్కసారిగా గొట్టంలోకి వదిలేసింది. చివరి చుక్క ఫ్లాస్కులో పడింది.

అందరి చేతులూ ఆగాయి. ఆమె చెయ్యి ఆగలేదు. పద్దెనిమిది పాయింటు అయిదు దగ్గర గులాబి రంగు నిలిచింది. ఫ్లాస్కు ఆమె గొంతుతోనే అంది: "నెల నుంచీ గుండెల్లో నొప్పి. పరీక్షయ్యేదాకా అమ్మకి తెలియకూడదు."

"రీడింగ్ రాసుకోనీ అమ్మా!" అంటుండగానే తల్లి తడిచేతులతో ఆమెని పొదివి పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది.

సమయానికి తెచ్చారన్నారు. తర్వాత డాక్టరు తల్లిని మాత్రం గది బయటికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు.

వారానికి పిల్ల ఇంటికొచ్చింది. సీటు పోయింది, ప్రాణం నిలిచింది. "పూర్తిగా తగ్గిపోయిందన్నారు, బంగారం," అంది తల్లి, ఎవరూ అడక్కుండానే.

వంటగట్టు మీద ఆ ఫ్లాస్కు, పక్కన పిపెట్. కడగడానికి మనసొప్పక తల్లి ఇంటికి తెచ్చుకుంది. అరగంటలో పోవలసిన గులాబి రంగు ఇంకా వదల్లేదు.

కూతురు పిపెట్‌ని ఫ్లాస్కులో ముంచి తీసింది. కొసన ఒక్క చుక్క వేలాడింది. పైకొనని తల్లి నోటి దగ్గర పెట్టింది.

"ఏదీ, ఒకసారి నువ్వు ఊదమ్మా."

చుక్కలమ్మ ఊపిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

"అది మన లెక్కలోది కాదే," అంది.