లోపల తారు, బయట జేగురు

లూకా భార్య సామ్రాజ్యం పుట్టింటి చీర లేకుండానే మట్టిలోకి వెళ్ళింది. ఆ చీర తేవలసినవాడు ఆమె తమ్ముడు ప్రభుదాసు. వేళకు తేలేదు. రేపల్లె నుంచి తెనాలికి రైలుంది, బస్సుంది. లూకా దృష్టిలో ఇందులో తేల్చవలసిందేమీ మిగల్లేదు.

భర్త ఉండగా ఆడది పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అది కప్పేదాకా పెట్టెకు మేకు కొట్టరు. తెనాలి పక్కన ఈ అంగలకుదురు పేటలో ఎంత లేనివాళ్ళయినా ఆ ఆచారం తప్పలేదు. లూకా ఆ రోజు పొద్దు వాలేదాకా ఆగాడు. ఎండాకాలం. పాస్టరుగారు గడియారం వంకా లూకా వంకా మార్చి మార్చి చూశారు. చివరికి లూకా తనే మేకులు కొట్టమన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, పాపం దిక్కులేనిదానిలా పోయింది అనుకోవడం అతని చెవిన పడింది. దీపాలు పెట్టేవేళ ప్రభుదాసు చంకలో కాగితం పొట్లంతో వచ్చి తలుపు కొట్టాడు. లూకా తీయలేదు.

మరుసటి ఏడు తొంభైలో వచ్చిన గాలివానకు పెరటి మట్టిగోడ కూలింది. లూకా కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేసి దిగినవాడు. తలుపులెత్తడం, దించడం, నీళ్ళు వదలడం, ఇదే అతని బతుకు. ఆ లాకుల పాత తలుపులు వేలం వేస్తే టేకు పలకలు కొని, తనే గుంజలు పాతి, పెరటికి చెక్కదడి బిగించాడు. పేటలో అందరివీ తాటాకు దడులు, ముళ్ళకంపలు. చెక్కదడి అతనొక్కడికే. పలకలకు బోల్టులు తీసిన బెజ్జాలు అలాగే ఉండిపోయాయి. అతను వాటిని పూడ్చలేదు. పూడ్చాలని తోచలేదు.

ఒక వానాకాలం తడిసేసరికి చెక్క బూడిదరంగుకు తిరిగింది. మళ్ళీ వానలు పడకముందే ఏదో ఒకటి పట్టించాలి. లూకా తారు అన్నాడు. లాకు తలుపులకు తన సర్వీసంతా పూసింది తారే.

కూతురు కరుణ ఒప్పుకోలేదు. ఆమె బాపట్లలో టీచరు. కర్లపాలెం సంబంధం కుదిరింది. జూన్‌లో పెళ్ళి.

"పెళ్ళివాళ్ళు కూర్చుని అన్నం తినే చోట ఆ నలుపేంటి నాన్నా? లాకులో కూర్చోబెట్టినట్టుంటది" అంది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మూడు చెక్కముక్కలు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒకదానికి తారు, ఒకదానికి లారీ షెడ్డులో దొరికే కాలిన ఇంజనాయిలు, మూడోదానికి పడవలకు పట్టించే జీడినూనెలో జేగురు ఎర్రమట్టి కలిపినది పూసి ఉంది. లూకా మూడూ ఎండలో తిప్పి తిప్పి చూశాడు. వేలితో రుద్దాడు. చెంబుడు నీళ్ళు పోసి, ఆరేదాకా కూర్చున్నాడు. మూడోది తడిసిన ఇటుకలా ఉంది. కింద టేకు గీతలు ఒక్కటీ పోలేదు. నీళ్ళు దాని మీద ముత్యాల్లా నిలిచి జారిపోయాయి.

ఇది వెయ్యమను, బాగుంది, అన్నాడు. అతని నోట బాగుంది అన్న మాట రావడం అరుదు. ఎవరు కలిపారని ఆ తరువాత అడిగాడు.

"మామయ్య" అంది కరుణ.

ప్రభుదాసుది రేపల్లె అవతల రేవులో పడవలకు నూనెలూ రంగులూ పట్టించే పని. ఆ సంగతి లూకాకు తెలుసు. చెక్కముక్క చేతిలో ఉండగా గుర్తుకు రాలేదు. కరుణ దాచలేదు. మేనమామ చేయి పట్టుకుని గడప దాటకుండా తను పెళ్ళికి కదలనని, దడి వంకతో మామయ్యను పిలిచానని చెప్పేసింది.

లూకా చెక్కముక్కను అరుగు మీద పెట్టేశాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం అతని ఇంటావంటా లేదు. ఒక తప్పును మరిచిపోవడమూ లేదు. చివరికి తేల్చాడు. రంగు వేయమను, బయటివైపు. దడి అవతల సందులో నిలబడి వెయ్యాలి. లోపలికి అడుగు పెట్టకూడదు. లోపలివైపు తనే తారు పూసుకుంటాడు.

ప్రభుదాసు డబ్బా, కుంచె పట్టుకుని సందులో నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. లూకా పెరట్లో పీట మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. మధ్యలో దడి. కుంచె చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి పలకల అవతలి నుంచి మాట వచ్చింది.

"అక్క ఎప్పుడూ చీరాల చీర అడిగేది బావా. ఆ రోజు తెనాలిలో దిగి చీరాల రైలెక్కాను. నేనొచ్చేదాకా మేకు కొట్టరనుకున్నాను."

"కొట్టించాను."

"ఆ చీర ఇంకా నా పెట్టెలోనే ఉంది."

"మీ అక్క పెట్టెలో ఉండాల్సింది."

మళ్ళీ కుంచె చప్పుడు. లూకా తాడు పేనడం ఆపాడు. అంటే తెనాలిలో దిగాడు. స్టేషను నుంచి ఇల్లెంత దూరం? దిగి కూడా, చచ్చిన అక్క ముఖం చూడకుండా బట్టల బేరానికి పోయాడు. ఇన్నాళ్ళూ వేళకు బయలుదేరలేదనుకున్నాడు. దీనికంటే అదే నయం.

సాయంత్రానికి బయటివైపు పూర్తయింది. నూనె పలచన. బోల్టు బెజ్జాల్లోంచి లోపలికి కారి, పలక పలకకూ ఎర్రటి చారలు దిగాయి. మర్నాడు లూకా తారు కాచి లోపలంతా పూశాడు. నూనె తాగిన చోట తారు పట్టలేదు. రెండోసారి పూశాడు. ఎండకు అక్కడే పొరలుగా ఊడింది. మూడోసారి కుంచె ముంచి, ఆ చారల వంక చూసి, డబ్బా మూత పెట్టేశాడు.

పెళ్ళికి ముందురోజు కరుణ అడిగింది.

"మామయ్యను గడపలోకి రానిస్తావా, లేదా?"

"గుడి నాది కాదు, అక్కడికి రమ్మను. గడప నాది."

పెళ్ళిరోజు కరుణ గడప ఒంటరిగా దాటింది. ముందుదారిన కాదు, పెరటిదారిన. దడి తలుపు తనే తీసుకుని సందులోకి వెళ్ళి, అక్కడ తెల్లచొక్కాతో నిలబడ్డ మేనమామ చేయి పట్టుకుంది. ఆడవాళ్ళు మళ్ళీ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. లూకా ముందువాకిట నుంచి బైబిలు పట్టుకుని నడిచాడు.

భోజనాల దగ్గర పెళ్ళికొడుకు తండ్రి అంద్రెయ అన్నం కలుపుకుంటూ దడినీ, తెరిచి ఉన్న దాని తలుపునూ చూశాడు.

"ఏంటండి బావగారూ, లోపలొక రంగు, బయటొక రంగు? మధ్యలో ఆ ఎర్ర చారలేంటండి?"

పంక్తిలో నవ్వులు లేచాయి. సందులో చాప మీద విడిగా కూర్చున్న ప్రభుదాసు ముద్ద ఆపాడు. కరుణ తండ్రి వంక చూసింది.

"చెక్క పాతదండి" అన్నాడు లూకా. అంద్రెయ విస్తట్లో ఇంకాస్త కూర వడ్డించమని కేక వేశాడు.

అప్పగింతలప్పుడు కరుణ మామయ్య గురించి ఏదో అనబోయింది. అతను చేయెత్తి ఆపాడు.

"ఆ సంగతి అయిపోయింది. ఇక నా నోట వినవు."

వినలేదు. ఏళ్ళ తరువాత దడి పుచ్చి పడిపోయాక కూడా కరుణ ఆ ఊసు అతని నోట వినలేదు.