అడగని అప్పు

జీతాలిచ్చే రోజు నంద్యాల పెద్దాసుపత్రిలో పనిచేసేవాళ్లందరూ ముందు గేటు నుంచి నవ్వుకుంటూ పోతుంటే, స్టాఫ్ నర్సు లూదియా మాత్రం శవాల గది పక్కనుండే చిన్న తలుపు నుంచి బయటపడేది. ముందు గేటు కాడ చెన్నకేశవులు సైకిలుకు స్టాండు వేసి కూచోనుంటాడని ఆమెకు తెలుసు. వడ్డీకి తిప్పడం ఆయన వ్యాపారం. చిన్న తలుపు దాటినా ఆమె కాలు నిలిచేది కాదు. స్పేరుపార్టుల అంగడి రామయ్యకూ బాకీ ఉంది కాబట్టి ఆయనుండే బజారు తప్పించి, కూరగాయల మార్కెట్టు చుట్టూ తిరిగి, వెనక నుంచి ఎవరైనా "నర్సమ్మా" అంటే ఉలిక్కిపడి, ఇల్లు చేరేసరికి నోరు పిడచగట్టుకు పోయేది.

అప్పులు ఆమె చేసినవి కావు. ఆమె భర్త యాకోబుకు ఆళ్లగడ్డలో మైకుసెట్ల అంగడి ఉండేది. డెబ్బై ఎనిమిదిలో ఎలక్షన్లు వస్తున్నాయని అందినకాడల్లా అప్పు తెచ్చి కొత్త యాంప్లిఫైయర్లు, గొట్టాలు, బ్యాటరీలు కొన్నాడు. జీపులకు కట్టుకుని ఊరూరా తిప్పుకున్నవాళ్లు గెలిచినాక ఒకరు, ఓడినాక ఒకరు బాడుగ ఎగ్గొట్టారు. అంగడికి తాళం పడింది. ఉన్నవన్నీ అమ్మి కొంత కట్టి, ఒక్క సెట్టు మాత్రం పట్టుకుని భార్య దగ్గరికి నంద్యాలకు వచ్చేశాడు. ప్రోనోట్ల మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. నెలనెలా జీతం వచ్చేది ఆమెకే. అందుకని అందరూ ఆమె వెంటే పడ్డారు.

యాకోబు పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. మంచం కింద ఆ మైకుసెట్టు గోనెపట్టా కప్పుకుని ఉండేది. అమ్ముదామంటే, "మళ్లా ఎలక్షన్లు రావా ఏంది?" అనేవాడు. ఆ మాట వింటే లూదియాకు ఒకచోట కూచోబుద్ధి అయ్యేది కాదు. ఉన్న గిన్నెలే మళ్లా తోమేది, ఉతికిన గుడ్డలే మళ్లా జాడించేది.

చిన్న తలుపు సంగతి ఎన్నాళ్లు దాగుతుంది? ఒక పొద్దు చెన్నకేశవులు నేరుగా ఆడవాళ్ల వార్డులోకే వచ్చేశాడు.

"ఏం నర్సమ్మా, వారం నుంచి కండ్లకే అగపడకుండా ఉండావు. తెల్లగుడ్డలు ఏసుకుంటే అప్పు తెల్లబడిపోతాదా?"

మంచాల మీద బాలింతలు తలలెత్తి చూశారు. లూదియా సిరంజిలోకి మందు ఎక్కిస్తూ ఉంది. ఆయన్ను చూడకుండా ఆ సిరంజితోనే పక్క మంచం వైపు నడిచింది. ఆయా మహాలక్ష్మి గబుక్కున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"అక్కా, ఆ మందు ఈమెకు గాదు," అంది మెల్లగా.

లూదియా సిరంజి ట్రేలో పెట్టేసి, గుడ్డల గదిలోకి పోయి గోడకు ఆనుకుంది. గేటు కాడ పరువు పోతే పోనీ. ఒక మనిషి ప్రాణం పోయేదే. ఆ రాత్రి డ్యూటీ దిగి నేరుగా ఇంటికి పోలేదు. బస్టాండు దాకా పోయి తిరిగొచ్చి, మళ్లా పోయి, ఆళ్లగడ్డ బస్సులు ఎప్పుడెప్పుడున్నాయో కనుక్కుని వచ్చింది.

ఆళ్లగడ్డలో రామలక్ష్మమ్మ ఉంది. తాతల కాలం నాటి భూములు. మొగుడు పోయినాక సేద్యం, వడ్డీల వ్యవహారం రెండూ ఆమే చూసుకుంటుంది. యాకోబు అందరికంటే ఎక్కువ బాకీ ఉన్నది ఆమెకే. అయినా లూదియా పోయింది ఇంకొంచెం అప్పు అడగడానికే. ఆ డబ్బు చెన్నకేశవులు మొహాన కొడితే వార్డులోకి రాకుండా ఉంటాడని ఆశ. బస్సు శిరివెళ్ల దాటేదాకా ఏమని అడగాలో లోలోపల వల్లె వేసుకుంటూనే ఉంది.

రామలక్ష్మమ్మ వసారాలో పసుపుకొమ్ములు ఏరిస్తూ అంతా విన్నది.

"ఇంగ ఒక్క రూపాయి ఇయ్యను," అంది. "నా అప్పు తీర్చడానికి చెన్నకేశవుల దగ్గర తెస్తిరి. వాని అప్పు తీర్చడానికి నా దగ్గరికి వస్తివి. అసలు ఎంత తగ్గింది?"

"తగ్గలేదమ్మా."

"తగ్గదు. నువ్వు కడతాండేదంతా వడ్డీకే చాల్తాంది. పోనీ, నాపక్క నుంచి నేను బాధపెట్టి, ఆయప్ప ఆపక్క నుంచి బాధపెట్టి, నువ్వు ఏ కేసీ కాలవలోనో పడితే నా దుడ్లు ఎవురిస్తారు?" ఆమె గొంతులో జాలి ఏమీ లేదు. "జీతమెంత? బాడుగెంత? పిల్లోళ్లకు, తిండికి ఎంతయితాది? చెప్పు."

లూదియా చెప్పింది.

"ఎవురెవురికి ఇయ్యాల?"

"మీకు, చెన్నకేశవులన్నకు, రామయ్యన్నకు," అని లూదియా ఆగింది.

నాలుగో పేరు నాలుక చివరిదాకా వచ్చింది. పోయిన వానాకాలంలో, చెన్నకేశవులు కోర్టుకు పోతానని బెదిరించినప్పుడు, మహాలక్ష్మి గుడ్డల గదిలో తన బంగారు కమ్మలు ఊడదీసి ఇచ్చింది. "చెవులుంటే కమ్మలు మళ్లొస్తాయి, తీసుకో అక్కా," అంది. మహాలక్ష్మి పేరుమీదే సేటు కొట్టులో కుదవ పెట్టారు. యాకోబుకు కూడా తెలియదు. నర్సు అయ్యుండి ఆయా చెవుల కమ్మలు తీసుకున్నానని ఈ ఇంట్లో ఎట్లా చెప్పడం? పైగా మహాలక్ష్మి ఎన్నడూ అడగలేదు.

"అంతే అమ్మా," అంది.

ఆదివారం గుడిలో ఆరాధన ముగిసినాక లూదియా, యాకోబు ఆళ్లగడ్డ పోయేసరికి రామయ్య, చెన్నకేశవులు ఇద్దరూ వచ్చి ఉన్నారు. రామలక్ష్మమ్మ పిలిస్తే రాననేంత ధైర్యం ఎవరికీ లేదు.

"ఈ మనిషికి ఉండేది ఒక్క జీతం," అంది ఆమె. "తలా ఒక పక్క నుంచి గుంజితే చినిగేది మన లెక్కే, మన దుడ్లే. ఇంటికి, తిండికి తీసిపెట్టుకోని మిగిలింది నెలనెలా రామయ్య అంగట్లో ఇస్తాది. ఎవురి అప్పు ఎంతుంటే ఆ లెక్కన పంచుకుందాం. వడ్డీ ఈ పొద్దుతో బంద్. నా పత్రం మీద నేను ఆపేసినా."

రామయ్య తల ఊపాడు. ఆయనకు అసలు వస్తే చాలు.

"మీకు భూములుండాయి, మీరు ఆపుతారు," అన్నాడు చెన్నకేశవులు. "నాకు వడ్డే పంట."

"అట్లయితే కోర్టుకు పో. వకీలుకు ఎంత పోస్తావు, ఎన్నేండ్లు తిరుగుతావు, ఆమె జీతంలో నీకు ఎంత ఇప్పిస్తారు? లెక్కేసి చెప్పు. నేను కూచోనుంటా."

చెన్నకేశవులు బీడీ ముట్టించి, సగం కాల్చి పారేశాడు. చివరికి, "సరే కానీండి" అన్నాడు.

"ఎవురూ ఆస్పత్రి గడప తొక్కగూడదు," అంది రామలక్ష్మమ్మ. తర్వాత లూదియా వైపు తిరిగింది. "నువ్వు ఇంగ కొత్తగా అప్పు చేయగూడదు. ఇంకెవురికన్నా బాకీ ఉంటే ఇప్పుడే చెప్పు. రేపు ఇంకొకరు వచ్చి నిలబడితే ఈ మాట చెల్లదు."

"లేరమ్మా," అంది లూదియా.

నెలనెలా కట్టే కంతులు మొదలైనాయి. గేటు కాడ సైకిలు లేదు. యాకోబు మంచం దిగి, బస్టాండు దగ్గర ఒకరి అరుగు మీద రేడియోలు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో పొయ్యి వేళకు వెలిగింది. మరి లూదియాకు నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. మహాలక్ష్మి బెడ్‌పాన్లు కడుగుతూ వంగినప్పుడల్లా చెవులకు కమ్మలుండాల్సిన చోట వేపపుల్లలు కనపడేవి. లూదియా పని కల్పించుకుని ఇంకో వార్డుకు పోయేది. ఇంతకుముందు గేటును తప్పించుకుని తిరిగింది, ఇప్పుడు ఆ చెవులను తప్పించుకుని తిరుగుతా ఉంది.

ఎండలు ముదిరిన కాలంలో ఒక మధ్యాహ్నం ఇద్దరే కూచుని కట్టుగుడ్డలు చుడుతున్నారు.

"సేటు మనిషిని పంపినాడు," అంది మహాలక్ష్మి తలెత్తకుండా. "వచ్చే నెలలోపల విడిపించకపోతే కరిగిస్తాడంట."

లూదియా చేతిలో గుడ్డ జారింది. "చూస్తా మహాలక్ష్మీ. నేను..."

"రామయ్యప్ప అంగట్లో నెలనెలా కడతాండావంట కదా. ఆస్పత్రంతా చెప్పుకుంటాండారు, నర్సమ్మ ఒడ్డున పడిందని." మహాలక్ష్మి గుడ్డ చుట్ట ముడి వేసింది. "గేటు కాడ అరిచినోళ్లకు కంతు పోతాంది. నేను అడగలేదు, నాకు లేదు. నేనూ వార్డులోకొచ్చి అరిచింటే బాగుండు గదక్కా?"

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అడిగింది. లూదియా లేచి వార్డులోకి నడిచింది. డ్యూటీ ఎట్లా ముగించిందో ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం యాకోబుకు అంతా చెప్పింది. ఆయన రేడియో విప్పుతూ ఉన్నవాడు పనిముట్టు కింద పెట్టేశాడు.

"నా అప్పుకు ఆమె చెవులు బోసి చేసినావా?"

"నువ్వు గోడపక్కకు తిరిగి పడుకుంటివి. నేనెవురిని అడగాల?"

యాకోబు విప్పిన మరలు ఏరి డబ్బాలో వేశాడు. "ఆదివారం ఆళ్లగడ్డ పోదాం. చెప్పేద్దాం," అన్నాడు. "చెల్లకపోతే చెల్లకపోనీ."

కబురు మీద అప్పులవాళ్లందరూ రెండోసారి ఆ వసారాలో కూడినప్పుడు లూదియా ఎవరూ అడగకముందే చెప్పేసింది. చెన్నకేశవులు తొడ చరిచాడు.

"విన్నారా! దాచిపెడితే చెల్లదని చెప్పింది మీరే."

రామలక్ష్మమ్మ మొహం ముడుచుకుపోయింది. "ఆ పొద్దు నోరు తెరిచి అడిగితిని. లేరంటివే?"

"ఆయా దగ్గర తీసుకున్నానని చెప్పేదానికి సిగ్గయ్యిందమ్మా."

"సిగ్గు నీది. చెవులు ఆమెవి," అంది రామలక్ష్మమ్మ.

అప్పుడు అంతదాకా స్తంభం పక్కన నిలబడిన యాకోబు ముందుకు వచ్చాడు. "నా దగ్గర ఒక మైకుసెట్టు ఉంది. మీకెవురికీ చెప్పలేదు. అమ్మేస్తా. ముందు ఆ కమ్మలు విడిపిస్తా."

"సెట్టు అమ్మితే ఆ లెక్క మాది," అన్నాడు చెన్నకేశవులు. "పత్రం ఉండేది మా చేతిలో. ఆయమ్మ చేతిలో ఏముంది?"

"ఏమీ లేదన్నా," అంది లూదియా. "అందుకే ఆమెకు ముందియ్యాల."

చెన్నకేశవులు కండువా దులుపుకుని లేచాడు. "మీ పంచాయితీ మీరు చేసుకోండి. నా లెక్క నేను యాడ వసూలు చేసుకోవాల్నో నాకు తెలుసు." చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

రామలక్ష్మమ్మ పసుపు చేటను దగ్గరికి లాక్కుంది. ఆమె రామయ్య వైపు చూసింది. రామయ్య, "ఆ నెల నా వంతు నిలపండి, ఏం మునిగిపోదు" అన్నాడు.

"సరే. నేనూ నిలుపుతా. నీకోసం గాదు," అంది ఆమె లూదియాతో. "పో, బస్సు పోతాది."

వెలుగోడులో షామియానాలు బాడుగకిచ్చే ఒకాయన మైకుసెట్టు కొన్నాడు. సగం ధరే ఇచ్చాడు. అది ఎద్దులబండి ఎక్కి పోతుంటే యాకోబు వీధి మలుపుదాకా వెంట నడిచి తిరిగొచ్చాడు. చాలని దానికి ఆ నెల కంతు కలిపితే కమ్మలు బయటికి వచ్చాయి. లూదియా వాటిని చేతిరుమాలులో కట్టి తీసుకుపోయి గుడ్డల గదిలో ఇచ్చింది. మహాలక్ష్మి పుల్లలు తీసి, అద్దం లేకుండానే తడుముకుంటూ పెట్టుకుంది.

"మంచిది సిస్టరమ్మా," అని పనికి పోయింది.

అక్కా అనలేదు. లూదియా ఖాళీ రుమాలు మడిచి పట్టుకుని వార్డులోకి పోయింది.

జీతాల రోజు గేటు కాడ మళ్లీ సైకిలు ఉంది. లూదియా శవాల గది దాకా పోయి, తలుపు మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయింది. వెనక్కి తిరిగి ముందు గేటు నుంచే వచ్చింది.

"యాడికి పోతాండావు నర్సమ్మా? లెక్క ఈడ పెట్టు!"

రోగుల బంధువులు, టీ అంగడి వాళ్లు గుమికూడారు. లూదియా ఆయన ఎదురుగానే నిలబడింది.

"నీకు ఇయ్యాల్సింది ఉందన్నా, లేదనను. మా ఆయన తెచ్చినాడు, నేను సంతకం చేసినా. నీ వంతు రామయ్యన్న అంగట్లో ఉంటాది, పోయి తీసుకో. ఈడ మాత్రం పైసా ఇయ్యను. వార్డులోకి వస్తే పెద్ద డాక్టరుతో నేనే చెప్తా."

చెన్నకేశవులు అరిచాడు. ఆమె పుట్టిన ఊరిని, చదివిన మిషన్ బడిని కూడా కలిపి తిట్టాడు. ఆమె తిరిగి ఒక్క మాట అనకుండా నడిచి రామయ్య అంగడికి పోయి కంతు కట్టింది. కట్టి బయటికొచ్చి, కాలవ గట్టు మీద కూచుని ఏడ్చింది.

ఆయన తర్వాతి నెలా వచ్చాడు. ఆ తర్వాతా వచ్చాడు. ఆయన వంతు రామయ్య గల్లాపెట్టెలో అట్లనే పేరుకుపోతా ఉంది. గేటు కాడ ఆయన అరిస్తే చూసేదానికి జనం కూడా రావడం మానేశారు. ఒకరోజు చెన్నకేశవులే రామయ్య అంగడికి పోయి, "నాకూ ఖర్చులుండాయి" అని గొణుక్కుంటూ అంతా ఎంచుకుని తీసుకుపోయాడంట. మళ్లా గేటు కాడికి రాలేదు.

ఎనభై మూడు ఎలక్షన్ల చలికాలంలో నంద్యాల రోడ్లన్నీ మైకులతో హోరెత్తిపోయాయి. ఒకాయన వచ్చి యాకోబును అంగడి మళ్లీ తెరవమన్నాడు, పెట్టుబడి తాను ఇస్తానన్నాడు. యాకోబు కొంతసేపు ఆశగా విన్నాడు. లూదియా వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది.

"సెట్లు చెడిపోతే తెండి, బాగుచేస్తా," అన్నాడు యాకోబు చివరికి. "చేతిలో లెక్క పెడితేనే విప్పుతా."

ఆ ఏడే చివరి కంతు అయిపోయింది. రామలక్ష్మమ్మ పత్రాన్ని వాళ్ల ఎదుటే చింపి పొయ్యిలో వేసింది. లూదియా కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడ్చేదేముంది? నా లెక్క నాకొచ్చింది," అని విసుక్కుంది.

మరుసటి నెల జీతం మొత్తం లూదియా చేతిలోనే మిగిలింది. బజారుకు పోయింది. చీరల అంగట్లోకి పోయి, రెండు చీరలు విప్పించి, ధర కూడా అడగకుండా లేచి వచ్చేసింది. స్టీలు సామాన్ల కొట్టు ముందు నిలబడింది. ఎవరో వచ్చి ఆ డబ్బు తమదంటారేమోనని పర్సు చంకలో అదిమి పట్టుకునే ఉంది. పొద్దుగూకేదాకా తిరిగి, పిల్లలకు పావుకిలో జిలేబీ మాత్రం కొని ఇల్లు చేరింది.

"ఇది నీ దగ్గర పెట్టుకో," అని పర్సు యాకోబు ముందు పెట్టింది. "నా దగ్గర ఉంటే కాలు నిలవడం లేదు."

యాకోబు పర్సు వంక చూసి, రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. "నాకొద్దు తల్లీ," అన్నాడు.

పిల్లలు జిలేబీ పొట్లం విప్పుతుంటే, ఆ పర్సు ఇద్దరి మధ్యా చాప మీద అట్లాగే ఉండిపోయింది.