కార్మిక మంత్రి ఇచ్చిన హామీ

బెన్‌హర్ కూతురు క్రిస్టీనా తొమ్మిదో తరగతిలో భారతదేశపు కార్మిక మంత్రి అయింది. ఆ పదవి చీటీల్లో వచ్చింది. బహ్రెయిన్‌లో, ఈసా టౌన్‌లోని వాళ్ల ఇండియన్ బడిలో ఏటా పిల్లల చేత పార్లమెంటు నడిపిస్తారు. గల్ఫ్ మీదికి క్షిపణులు వచ్చిన యుద్ధం రోజుల్లో బడి మూసి పాఠాలన్నీ ఫోన్లలోనే చెప్పారు కాబట్టి ఈసారి అది బాగా ఆలస్యమైంది. పిల్లలు మళ్లీ తరగతుల్లోకి వచ్చాక సోషల్ టీచర్ విజయరాణి చీటీలు తీయించింది. హోం శాఖ ఒక పంజాబీ కుర్రాడికి, విద్యాశాఖ ఒక తమిళ పిల్లకు వెళ్లాయి. ప్రధానమంత్రి అవుదామనుకున్న క్రిస్టీనా మూతి ముడుచుకుని ఇంటికొచ్చింది.

"కార్మిక శాఖంటే ఎవరు వింటారు నాన్నా? అందరూ పరీక్షల గురించే అడుగుతారు," అంది.

"నీకు నేనున్నాను కదమ్మా. నా ఉద్యోగమే అది," అన్నాడు బెన్‌హర్.

బెన్‌హర్‌ది అమలాపురం దగ్గర ఒక పల్లె. బహ్రెయిన్ వచ్చి చాలా ఏళ్లయింది. ముహర్రక్‌లో అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్. భార్య రూతమ్మ క్లినిక్‌లో నర్సు. మహూజ్‌లో ఫ్లాటు, శుక్రవారం తెలుగు ఫెలోషిప్‌లో ఆరాధన, మిగతా రోజులన్నీ డ్యూటీ. సైట్‌లో పనిచేసేవాళ్లలో జగిత్యాల, నిర్మల్ వైపు మనుషులు ఎక్కువ. వాళ్లు బెల్టులు కట్టుకున్నారా, పరంజాలు గట్టిగా ఉన్నాయా అని చూడటం బెన్‌హర్ పని. అతను "ఎక్కండి" అంటేనే ఎవరైనా పరంజా ఎక్కాలి. అది అక్కడి నియమం.

విజయరాణి ప్రశ్నలను ముందుగానే మంత్రులకు పంపింది. అసలు పార్లమెంటులో కూడా అలాగే పంపుతారని చెప్పిందట. క్రిస్టీనాకు వచ్చిన ప్రశ్న ఇది: ఇటీవలి యుద్ధంలో విదేశాల్లో ఉన్న మన కార్మికులు, హెచ్చరికలు వస్తున్నప్పుడు కూడా ఆరుబయట పనిచేయాల్సి వచ్చిందన్న సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వస్తే ఆ వివరాలేమిటి, తీసుకున్న చర్యలేమిటి?

బెన్‌హర్ ఆ ప్రశ్నను రెండుసార్లు చదివాడు. ఈ ప్రశ్న ఎవరు రాశారని అడిగాడు. ప్రతిపక్షంలో కూర్చునే నసీమా అనే మలయాళీ పిల్ల రాసిందని, వాళ్ల నాన్న ట్రక్కు నడుపుతాడని క్రిస్టీనా చెప్పింది. తండ్రీకూతుళ్లిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని జవాబు రాశారు. నిజం చెప్పాలంటే రాసింది బెన్‌హరే. అలాంటి వాక్యాలు అతనికి కొట్టిన పిండి. కార్మికుల భద్రతకు ప్రభుత్వం అత్యంత ప్రాధాన్యం ఇస్తోందని, రాయబార కార్యాలయాలు నిరంతరం అందుబాటులో ఉన్నాయని, ప్రశ్నలో పేర్కొన్నటువంటి ఫిర్యాదులేవీ అందలేదని, కాబట్టి మిగతా భాగాలకు జవాబు చెప్పే అవసరం రాదని రాశాడు.

"నిజంగానే అందలేదా నాన్నా?"

"అందితే అందిందని రాసేవాళ్లం కదా."

"మనకెలా తెలుసు?"

"నువ్వు మంత్రివి. కింద ఆఫీసర్లు చెప్పిందే నీకు తెలిసేది," అన్నాడు బెన్‌హర్. రూతమ్మ వంటగదిలోంచి తొంగిచూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

గురువారం సభ జరిగింది. తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. బెన్‌హర్ డ్యూటీ నుంచి ముందుగా బయలుదేరి వెళ్లి, హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు. సభంతా ఇంగ్లీషులోనే నడిచింది. యుద్ధంలో ఊళ్లకు వెళ్లిపోయినవాళ్ల వీసా కాగితాల సంగతి ఏమైందని హోం మంత్రిని అడిగితే, ఆ కుర్రాడు తడబడి, అది విదేశాంగ శాఖకు పంపామన్నాడు. విద్యామంత్రి లేచి, ఫోన్లో చదివిన పాఠాల మీద పరీక్షే ఉండదని ప్రకటించేసింది. పిల్లలు బల్లలు చరిచారు. స్పీకర్ కుర్రాడు గంట కొట్టి కొట్టి అలసిపోయాడు.

తర్వాత క్రిస్టీనా లేచింది. తెల్ల చున్నీ సర్దుకుని జవాబు గడగడా చదివింది. బెన్‌హర్‌కు ముచ్చటేసింది. పక్కన కూర్చున్న ఒకాయనతో "మా అమ్మాయండీ" అన్నాడు కూడా.

నసీమా అనుబంధ ప్రశ్నకు లేచింది. ఆ ప్రశ్న ముందుగా పంపేది కాదు, అక్కడికక్కడే అడిగేది.

"ఫిర్యాదు రాలేదని మంత్రిగారు అన్నారు. సరే. సైరన్ మోగితే పనివాళ్లు కిందికి దిగుతారు. మళ్లీ పైకి ఎక్కమని చెప్పేది ఎవరు? ప్రభుత్వమా? కంపెనీ ఓనరా? ఒక మనిషంటూ ఉంటాడు కదా. ఎవరా మనిషి?"

క్రిస్టీనా చేతిలో కాగితం వైపు చూసింది. అందులో దానికి జవాబు లేదు. తల ఎత్తి హాలంతా వెతికి, వెనక వరసలో తండ్రిని చూసింది.

"అధ్యక్షా, ఆ మాట చెప్పేది సేఫ్టీ ఆఫీసర్. నాకు తెలిసిన సేఫ్టీ ఆఫీసర్ ఒకాయన ఉన్నారు. ఆయన్ని అడిగి, వచ్చే వారం సభకు చెప్తానని హామీ ఇస్తున్నాను."

హాల్లో నవ్వులు. పిల్లకు తెలివుందని పక్కనాయన మెచ్చుకున్నాడు. బెన్‌హర్ కూడా పెదవులు కదిపాడు గాని అది నవ్వులా రాలేదు.

కార్లో ఇంటికి వస్తుంటే క్రిస్టీనా మొదలుపెట్టింది. ఆ పిల్ల గొంతులో నిష్ఠూరమేమీ లేదు. హోంవర్కు గురించి అడిగినట్టే అడిగింది.

"టీచర్ చెప్పింది నాన్నా, మంత్రి సభలో హామీ ఇస్తే తీర్చాలంట. తీర్చారా లేదా అని చూడ్డానికి ఒక కమిటీ కూడా ఉంటుందంట. మీ సైట్‌లో ఎక్కమనేది ఎవరు?"

"నేనే."

"యుద్ధమప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

"ఎవరికైనా ఏమన్నా అయిందా?"

సిగ్నల్ పచ్చగా మారినా బెన్‌హర్ కదల్లేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ఒకాయనకి కాలు విరిగింది. వెంకటి అని."

ఆ రోజు జరిగింది పెద్ద కథేం కాదు. పొద్దున అందరి ఫోన్లూ ఒక్కసారిగా అరిచాయి. మనుషులు పరంజాల మీంచి దిగి బేస్‌మెంట్‌లోకి వెళ్లారు. ప్రమాదం తప్పిందని ఇంకా కబురు రాకముందే ప్రాజెక్ట్ మేనేజర్ ఫోన్ చేశాడు. కాంక్రీటు ట్రక్కులు వచ్చి నిలబడ్డాయని, ఇంకాసేపాగితే అదంతా గట్టిపడిపోతుందని, ఆకాశంలో ఏమీ లేదని, యల్లా, తొందరగా మనుషుల్ని పంపమని చెప్పాడు. బెన్‌హర్ కాసేపు ఆగాడు. తర్వాత బేస్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడి "ఎక్కండి" అన్నాడు. వాళ్లు పైకి చేరీ చేరకముందే ఫోన్లు మళ్లీ అరిచాయి. ఎక్కడో సముద్రం వైపు పెద్ద చప్పుడైంది. అందరూ ఒకే నిచ్చెన మీద పడ్డారు. వెంకటి ఒక అంతస్తు ఎత్తు నుంచి శ్లాబు మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది.

ప్రమాదం నివేదికలో, కారణం అన్న చోట, "కార్మికుడు బెల్టు కొక్కెం తగిలించుకోలేదు" అని బెన్‌హర్ రాశాడు. సైరన్ ఊసు రాయొద్దని మేనేజర్ చెప్పాడు. రాస్తే ఇన్సూరెన్సువాళ్లు వంద ప్రశ్నలేస్తారన్నాడు. కొక్కెం తగిలించుకోలేదన్న మాట అబద్ధం కూడా కాదు. అది ఊడదీసే ఉంది.

మర్నాడు క్రిస్టీనా విజయరాణికి ఫోన్ చేసింది. సభలో ఒక మనిషి పేరు చెప్పాలంటే ముందు ఆ మనిషిని అడగాలని టీచర్ చెప్పింది. దాంతో పిల్ల, వెంకటి దగ్గరికి తీసుకెళ్లమని తండ్రి వెంట పడింది. పనివాళ్లుండే క్యాంపుకు ఆడపిల్లను ఎందుకు తీసుకెళ్లడమని బెన్‌హర్ అన్నాడు.

"పట్టపగలే కదా, తీసుకెళ్లండి," అంది రూతమ్మ. "ఆ మనిషి హాస్పిటల్ నుంచి వచ్చాక మీరు ఒక్కసారైనా వెళ్లారా?"

శనివారం వెళ్లారు. సేఫ్టీ ఆఫీసర్ కూతురితో వచ్చాడనగానే గదిలో కలకలం పుట్టింది. బనీన్లతో ఉన్నవాళ్లు చొక్కాలు తొడుక్కున్నారు. స్వామి అనే అతను ఆరేసిన బట్టలన్నీ ఒక్క గుంజుతో తీసేసి, జ్యూస్ తెస్తానని బయటికి పరిగెత్తాడు. వెంకటి కింది మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. పక్కన నడవడానికి నాలుగు కాళ్ల స్టాండు. ఇంకో వారంలో ఊరికి వెళ్లిపోతాడు.

"కూసో బిడ్డా. ఏం సదువుతున్నవ్?" అని అడిగాడు.

క్రిస్టీనా చెప్పింది. బడిలో పార్లమెంటు జరిగిందని, తనది కార్మిక శాఖ అని కూడా చెప్పింది.

వెంకటి నవ్వాడు. "గట్లనా? అయితే మా మంత్రివి నువ్వే. పద్దెనిమిదేండ్లాయె దుబాయికి అచ్చి, మంత్రి మా రూముకు అచ్చుడు ఇదే మొదలు."

గదంతా నవ్వింది. వాళ్ల వైపు ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. క్రిస్టీనా సిగ్గుపడి, వెంటనే తేరుకుని అడిగింది. "అంకుల్, మీ పేరు మా క్లాసులో చెప్పొచ్చా? మీకు ఏం జరిగిందో చెప్పాలి."

"పేరు జెప్పుకో బిడ్డా, నా పేరుకు ఏమైతది? కని, బెల్టు పెట్టుకోలేదని మాత్రం జెప్పకు."

బెన్‌హర్ తల ఎత్తాడు. వెంకటి ఇప్పుడు అతని వైపే చూస్తున్నాడు.

"సార్, పైకెక్కుమన్నందుకు నాకు మీ మీద కోపం లేదు. మీరు అనకపోతే ఇంకోడు అంటుండె. యుద్ధం మీరు పెట్టలేదు. గని కాగితంల గట్ల రాసిన్రట గద, స్వామి సదివి చెప్పిండు. ఈడికి కొత్తగ అచ్చిన పోరగాండ్లకు బెల్టు కట్టుడు నేర్పిందే నేను. కొక్కెం తియ్యకుంట ఒక నిచ్చెన కెల్లి ఇంకో నిచ్చెన మీదికి ఎట్ల మారుత సార్? తీసిన. మారుతున్న. ఎనుకోడు భయపడి నూకిండు, పడ్డ. వాన్ని కూడ నేనేం అంటలేను. సైరన్ గట్ల మోగితె ఎవలైన నూకుతరు. గా ముచ్చట రాయున్రి. వెంకటికి పని రాదని రాయకున్రి."

మేనేజర్ రాయొద్దన్నాడని ఇక్కడ చెప్తే ఏం బాగుంటుందనుకున్నాడు బెన్‌హర్. స్వామి తెచ్చిన మామిడి జ్యూస్ చేతిలో పట్టుకుని, "మారుస్తాను వెంకటీ," అన్నాడు.

"మారిస్తె మంచిది సార్," అన్నాడు వెంకటి. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కూతురు వెంకటి చెప్పింది పుస్తకంలో రాసుకుంటూ కూర్చుంది. ఏదో ఒకటి అడిగితే బాగుండుననిపించింది బెన్‌హర్‌కు. నివేదిక మారిస్తే ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, పిల్ల చదువు మధ్యలో ఆగుతుంది. ఆ లెక్క అతనికి తెలియనిది కాదు.

ఆదివారం ఆఫీసుకు వెళ్లి సవరించిన నివేదిక రాశాడు. మొదటి సైరన్, రెండో సైరన్, మధ్యలో పని మొదలుపెట్టమని తాను ఇచ్చిన ఆదేశం, నిచ్చెన దగ్గర తోపులాట, వరసగా రాశాడు. నిచ్చెన మారేటప్పుడు కొక్కెం తీయడం పద్ధతి ప్రకారమే జరిగిందని రాశాడు. మేనేజర్ ఫోన్ చేసిన సంగతి కూడా రాశాడు. హెడ్డాఫీసుకు పంపి, దాని నకలు మేనేజర్ బల్ల మీద పెట్టాడు.

మేనేజర్ మంచివాడే. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. చదివి, కళ్లజోడు తీశాడు.

"ఆ కేసు అయిపోయింది. ఖలాస్. మళ్లీ ఎవరడిగారు దీని గురించి?"

"మా అమ్మాయి అడిగింది సార్."

మేనేజర్ మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, తలుపు వేసి వెళ్లమన్నాడు.

బడిలో కూడా ఒక చిక్కు వచ్చింది. క్రిస్టీనా రాసిన ప్రకటనను ప్రిన్సిపాల్ చూసి, మనం ఈ దేశంలో అతిథులమని, మనుషుల పేర్లూ కంపెనీ సంగతులూ బడిలోకి ఎందుకని, ఆ పేర్లు కొట్టేయమని విజయరాణికి చెప్పాడు. విజయరాణి కొట్టేసింది. ఆ సాయంత్రం బెన్‌హర్‌కు ఫోన్ చేసి క్షమించమంది.

"నేను ఉద్యోగం చేసుకునేదాన్ని కదండీ," అంది.

"నాకు తెలుసండీ," అన్నాడు బెన్‌హర్. అతనికి ఆమె మీద కోపం రాలేదు.

క్రిస్టీనాకు మాత్రం వచ్చింది. టీచర్ మీదా, ప్రిన్సిపాల్ మీదా, కొంత తండ్రి మీదా. తరగతిలో నిలబడి, పేర్లు లేని ఆ కాగితాన్ని చదివింది. సైరన్ మధ్యలో పనికి పంపింది సేఫ్టీ ఆఫీసరేనని, అతను ఇప్పుడు ఆ సంగతి రాతపూర్వకంగా ఒప్పుకున్నాడని చదివి కూర్చుంది. బ్రేకులో నసీమా వచ్చి ఆ పడ్డాయన పేరేమిటని అడిగితే చెప్పింది. సేఫ్టీ ఆఫీసర్ పేరు నసీమా అడగలేదు. సభలో తాను వెనక వరస వైపు చూసినప్పుడే ఆ పిల్లకు తెలిసిపోయిందని క్రిస్టీనా ఇంటికొచ్చి చెప్పింది.

హెడ్డాఫీసు నుంచి చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఇన్సూరెన్సు తరఫున ఒకామె వచ్చి బెన్‌హర్‌తో మాట్లాడి వెళ్లింది. నివేదికలో వెంకటి తప్పు లేదని నమోదైంది. హెచ్చరిక తర్వాత ప్రమాదం తప్పిందని అధికారికంగా కబురు వచ్చేదాకా ఎవర్నీ పైకి పంపకూడదని కంపెనీ కొత్త నియమం పెట్టి, గేటు దగ్గర ఐదు భాషల్లో అతికించింది. అప్పటికి యుద్ధం ఆగి చాలా కాలమైంది. మేనేజర్‌ను వేరే ప్రాజెక్టుకు మార్చారు. బెన్‌హర్‌ను సైట్‌లోంచి తీసి సామాన్ల గోడౌన్‌లో వేశారు. అక్కడ ఎవరికీ ఎక్కమనీ దిగమనీ చెప్పే పని లేదు. రూతమ్మ మొదట కొన్నాళ్లు దిగులుపడింది. తర్వాత, మనిషి ఇంటికి వేళకు వస్తున్నాడని ఫెలోషిప్‌లో చెప్పుకుంది.

సవరించిన నివేదికను బెన్‌హర్ వెంకటి ఫోనుకు పంపాడు. ఊరి నుంచి వెంకటి ఫోన్ చేశాడు.

"సార్, మా పోరనితోని సదివించుకున్న. మంచిగ రాసిన్రు."

"కాలెలా ఉంది?"

"జెర్ర కుంటుడు ఉన్నది. కని నడుస్తున్న."

ఎండలు ముదిరేసరికి వెంకటికి హైదరాబాద్‌లో ఒక బిల్డర్ దగ్గర పని దొరికింది. కింద నిలబడి, పరంజా కట్టేవాళ్లకు చెప్పే పని. ఆ కాగితం అక్కడ పనికొచ్చిందా అని బెన్‌హర్ అడిగాడు.

"లేదు సార్, ఆళ్లు ఏ కాగితం అడగలే. నడిచి చూపియ్యుమన్నరు, గంతే," అన్నాడు వెంకటి. తర్వాత మంత్రి బాగుందా అని అడిగాడు.

బాగుందని, పరీక్షలకు చదువుకుంటోందని చెప్పాడు బెన్‌హర్.