జాతరనాటి గంప

ఆ తేదీ గురించి మునీశ్వరి రెండుసార్లు అబద్ధం చెప్పింది.

మొదటిసారి పుంగనూరులో, నర్సు జయశీల కార్డు రాసేటప్పుడు. ఆఖరుసారి ఎప్పుడు బయట చేరావని నర్సు అడిగింది. కడుపు లెక్క ఆ రోజునుంచే మొదలవుతుంది. మునీశ్వరి బయట చేరింది గంగజాతరనాడు. చెప్పింది మాత్రం అంతకు ముందు నెల, పెద్దమండ్యంలో పుట్టింట ఉన్నప్పటి తేదీ. నాలుగు వారాలు కలిసొచ్చాయి.

గంట ముందు అదే బల్లమీద కూర్చుని తోడికోడలు హరిత తన తేదీ రాయించుకుంది. జాతరకు రెండు వారాల ముందుది. కుప్పం పిల్ల. కాపురానికొచ్చి ఐదు నెలలు. మునీశ్వరి వచ్చి ఆరేళ్లు. ఈ ఆరేళ్లూ ఆమె పూజగది గడప దాటని రోజులను అత్త తులసమ్మ లెక్కపెడుతూనే ఉంది. అందుకే జాతరనాడు మునీశ్వరి తలనొప్పి అని చెప్పి పడుకుంది. ఇప్పుడు ఎవరి కాన్పు తేదీ ముందయితే వాళ్లకే ముందు సీమంతం గాజులు తొడిగిస్తానని తులసమ్మ అంటోంది. ఇంటికి మొదటి బిడ్డ హరితది కావడం మునీశ్వరికి మింగుడుపడలేదు.

మూడో నెల స్కానింగుకు పిలిస్తే ఊళ్లో పని ఉందని తప్పించుకుంది. శ్రావణంలో తప్పలేదు. తులసమ్మ కోడళ్లిద్దరినీ మదనపల్లె తీసుకెళ్లింది. హరిత లెక్క సరిపోయింది. మునీశ్వరి పొట్టమీద డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి, తేదీ ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అంది మునీశ్వరి. అది రెండోసారి.

"అయితే బిడ్డ ఎదగడం లేదమ్మా. ఇరవై వారాలకు పదహారు వారాలంతే ఉంది. వేలూరు పెద్దాసుపత్రికి పోండి. సూదితో ఉమ్మనీరు తీసి చూడాలి."

తులసమ్మ తన పెద్దకొడుకు, మునీశ్వరి మొగుడు మురళికి ఫోన్ చేయడానికి బయటికి వెళ్లింది. వరండా బెంచీమీద హరిత వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, జాతరనాడు పొంగలి గంప నా నెత్తిన పెట్టుకోమంటివి. నువ్వు ముట్టుకోలా. పండుకొనే ఏలుతో సూపించినావు."

మునీశ్వరి కొంగు పొట్టమీదికి లాక్కుంది.

"డాక్టరమ్మకు నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"కార్డు రాసినపొద్దే. నీదే ముందయితే నాకేం పోతాదిలే అనుకుంటి."

నాలుగు నెలలుగా దాచి తాను గెలిచాననుకున్నదాన్ని హరిత తనకు దానమిచ్చిందన్నమాట. సూది మాట కంటే ఈ మాటే మునీశ్వరికి లోతుగా దిగింది. హరిత నోటితో ఆ తేదీ బయటికి రావడం ఆమె భరించలేదు. లేచి లోపలికి పోయి తానే చెప్పింది. అప్పటికి తులసమ్మ తిరిగొచ్చి వెనకే నిలబడి ఉంది. డాక్టరమ్మ పాత తేదీ కొట్టేసి కొత్తది రాసింది. బిడ్డ ఎదుగుదల సరిగ్గానే ఉందని, వేలూరు అక్కర్లేదని చెప్పింది.

బస్టాండుకు నడిచేటప్పుడు తులసమ్మ ఒకటే మాట అంది. "బిడ్డమీద కూడా పందెమేనా తల్లీ."

దారిలో గాజుల అంగడి దగ్గర ఆగింది. హరితకు ముందు తొడిగించాలి కాబట్టి రెండు డజన్లు తీసుకుంటానంది. కొలత ఎంతని అంగడతను అడిగాడు. పెళ్లిలో హరితకు గాజులు తొడిగింది మునీశ్వరే. అత్త ఆమెవైపు చూసింది.

"రెండు నాలుగు," అంది మునీశ్వరి.

హరిత కొలత హరితకు తెలుసు. ఏమీ అనకుండా చెయ్యి చాచింది. అంగడతను తొడగబోయాడు. గాజు మెటికల దగ్గర ఆగింది. అతను ఇంకాస్త నొక్కాడు. హరిత చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మునీశ్వరి ఆ గాజు వెనక్కి లాగి బల్లమీద పెట్టింది.

"రెండు ఆరు ఇయ్యప్పా."