ఎవరూ అడగని జవాబు

మా మనవరాలిని ఇంట్లో అందరం నత్త అంటాం. చిన్నప్పుడు పాలగ్లాసు చేతికిస్తే మీగడ కట్టేదాకా తాగేది కాదు. చెప్పులు వేసుకోమంటే, ముందు వాటిని తిరగేసి ఎలా కుట్టారో చూసేది. అలాంటి పిల్లకు పెద్దయ్యాక వేగం పెంచే ఉద్యోగం దొరికిందంటే నా కూతురు, అంటే వాళ్ళమ్మ, పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఉద్యోగం సంగతి నత్తే చెప్పింది నాకు, ఒకరోజు వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. బస్సు డిపోల్లో ఏ బస్సు ఎప్పుడు బయలుదేరాలో, ఏ డ్రైవరు ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలో రాసేవాళ్ళుంటారట. వాళ్ళకోసం ఇది ఒక చిన్న భాష తయారుచేసింది. మామూలు మాటలకు దగ్గరగా ఉంటుంది. అందులో రాసినదాన్ని కంప్యూటర్ నడపగల ఇంకో భాషలోకి మార్చే ప్రోగ్రామ్ కూడా తనే రాసింది. దాన్ని కంపైలర్ అంటారు. మార్చడమైతే చక్కగా మారుస్తోంది గానీ, మారి వచ్చింది మరీ ఈడుస్తూ నడుస్తోందని డిపోల వాళ్ళ గోల. వేగం పెరిగితే ఆఫీసు దాన్ని ఉంచుకుంటుంది. పెరగకపోతే బయటనుంచి ఇంకోటి కొని, దీన్ని అవతల పారేస్తుంది. నత్త పెళ్ళికి ముందునుంచీ చేస్తున్న పని అది.

"అంటే దుబాసీ పనన్నమాట. నేనూ చేశానే అది" అన్నాను.

నిజమే మరి. మా అత్తగారికి చెవుడు, మామగారికి కోపం. ఆయన వసారాలో కూర్చుని అత్తగారి పుట్టింటి వాళ్ళను ఒక్కొక్కరినే వరసగా తిట్టుకొచ్చేవారు. ఆవిడ నా ముఖంకేసి చూసేది. నేను ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, "మంచినీళ్ళు కావాలట అత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ తెచ్చి ఇచ్చేది, ఆయన తాగి చల్లబడేవారు. అంతసేపు మాట్లాడింది ఇంతేనా అని ఆవిడకు అనుమానం వచ్చేది గానీ, ఆ తిట్లన్నీ దాహానికే కదా.

నత్త పడీపడీ నవ్వింది. "నేను చేయాల్సిందీ అదే అమ్మమ్మా. అనవసరమైంది వదిలేయాలి. మంచినీళ్ళు మాత్రం వదలకూడదు."

అలాగే చేసింది. ఇదివరకు దాని ప్రోగ్రామ్ అడుగడుగునా ఆగి, ఈ బస్సు ఉందా, ఈ డ్రైవరు ఉన్నాడా అని చూసుకునేదట. అవన్నీ గుమ్మంలోనే ఒక్కసారి చూసుకుని లోపలికి వెళ్ళేట్టు మార్చింది. చెప్పడానికి ఒక్క ముక్క. చేయడానికి వేసవి మొత్తం పట్టింది. చివరికి ఇదివరకు పట్టే సమయంలో సగమే పట్టింది. ఆ రోజు నా మెడ పట్టుకుని ఊగింది పిల్ల.

దాని మొగుడిదీ అదే ఆఫీసు, అదే గది. మనవరాలి మొగుడే అయినా నేను అల్లుడనే అంటాను. చెడ్డవాడని అనను. నా మోకాళ్ళకు నూనె అయిపోయిందని నేను అనకముందే సీసా తెచ్చి పెట్టేవాడు. కాకపోతే నలుగురూ మెచ్చుకోకపోతే అతనికి ముద్ద దిగదు. నత్త చేసినదాని మీద తనూ ఒక మార్పు చేశాడు. టెస్టు పెట్టి చూస్తే, ఇలా నొక్కేసరికి అలా అయిపోయింది. ఆఫీసులో పెద్దసారు చప్పట్లు కొట్టి కేకు తెప్పించారట. అల్లుణ్ణి హెడ్‌ని చేస్తామన్నారు. మిగిలిన కేకు ఇంటికి తెచ్చి అందరికీ తనే కోసి పెట్టాడు.

నత్త తన ముక్క ముట్టుకోలేదు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్పులు తిరగేసి చూసిన పిల్ల కదా. మర్నాడు భోజనాల దగ్గర, నేను కూర వడ్డిస్తుండగా, మొగుడితో నెమ్మదిగా మొదలుపెట్టింది.

"ఆ టెస్టులో పని జరగడంలేదు. లెక్కంతా చేయమన్నాం గానీ చివర్లో జవాబు చూపించమని అడగలేదు. నువ్వు మార్చాక ఆ సంగతి కంప్యూటర్ నడిపే ఆ ఇంకో భాషకు కనబడిపోయింది. ఎవరూ అడగని జవాబుకు లెక్కెందుకని మొత్తం తీసి పారేసింది. జవాబు చూపించమని ఒక్క లైను కలిపి చూశాను. నీది నేను చేసినదానికంటే నెమ్మదిగా ఉంది."

అతను ముద్ద కలుపుతూనే, "తెలుసు" అన్నాడు.

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది.

"ఎప్పట్నించి?"

"రెండో రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఎవరడిగారు?" అన్నాడు. దానికేసి చూడకుండా, పెద్దసారు ఇప్పటికే పైవాళ్ళకు చెప్పేశారనీ, హెడ్ కుర్చీలో కూర్చున్నాక తీరిగ్గా సరిచేసుకోవచ్చనీ అన్నాడు. తను పైకొస్తే నత్త పైకొచ్చినట్టు కాదా అని నన్ను కూడా అడిగాడు. నేను గరిటె గిన్నెలో పడేశాను.

"నువ్వే వెళ్ళి చెప్పు సారుకి. నీ నోటితో చెప్తేనే మర్యాదగా ఉంటుంది" అంది నత్త. వారం చూసింది. అతను రోజూ షర్టు ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు, రోజూ ఏమీ చెప్పకుండా వచ్చాడు. ఆ తర్వాత ఇదే వెళ్ళి, ఆ ఒక్క లైను కలిపి పెద్దసారు ఎదురుగా నడిపి చూపించింది.

ఆయన చాలాసేపు తెర వంక చూసి, "ఇంటి గొడవలు ఆఫీసుకు తేకమ్మా" అన్నారట.

ఆ మాట చెబుతున్నప్పుడు కూడా నత్త ఏడవలేదు.

అయినా సంగతి పైవాళ్ళదాకా పాకింది. నత్త తను నిజంగా తగ్గించిన సగం సంగతి కూడా వాళ్ళకు చెప్పిందట. అలా నొక్కగానే అయిపోయిన వేగం చూసిన కళ్ళకు సగం ఏం ఆనుతుంది? పైవాళ్ళు ముఖం చిట్లించారు, ఇక వీళ్ళను నమ్మలేమన్నారు, బయటి సరుకు కొన్నారు. నత్త భాషను మూలన పడేశారు. అల్లుడికి మాత్రం కొన్న సరుకును డిపోల వాళ్ళకు నేర్పించే పని ఇచ్చారు. బాగా మాట్లాడతాడు కదా. నత్తను ఎవరో రాసి వదిలేసినవాటిలో తప్పులు దిద్దమని పక్కగదికి పంపారు. కేకు తెప్పించిన ఆ గదిలో దాని కుర్చీ ఇప్పుడు లేదట.

మొన్న ఆదివారం మధ్యాహ్నం చివరిసారిగా తన ప్రోగ్రామ్ నడిపింది. మర్నాడు అన్నీ తుడిచేసి ల్యాప్‌టాప్ అప్పజెప్పాలి. అదే బల్ల, అవే కుర్చీలు. అల్లుడు ఎదురుగా తింటున్నాడు. వాళ్ళిద్దరూ ఉప్పు కావాలన్నా నాతోనే చెప్పుకుంటున్నారు. మళ్ళీ దుబాసీ పని నాకే పడింది. ఈసారి వదిలేయడానికి తిట్లు కూడా లేవు.

తెర మీద ఏదో ఆగింది. నత్త మూత వేయబోయింది.

"జవాబేమొచ్చిందే?" అన్నాను.

అది నాకేసి వింతగా చూసింది. "నీకెందుకమ్మమ్మా, బస్సులు..."

"అడిగాను కదా, చదువు."

చదివింది. మొదటి బస్సు తెల్లవారకముందే ఎక్కడనుంచో బయలుదేరుతుంది. దాని డ్రైవరు మధ్యాహ్నం ఇంకో బస్సెక్కుతాడు. నాకు ఒక్కటీ తలకెక్కలేదు. ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఇంకా ఉందా అంటే, చాలా ఉందంది. చదవమన్నాను.

అల్లుడు లేచి కంచం సింకులో పెట్టాడు. ముందుగదిలోకి వెళ్ళి టీవీ పెట్టి, సౌండు పెంచాడు. నత్త గొంతు పెంచలేదు, చదవడం ఆపలేదు. వినడానికి ముందుకు వంగాను గానీ, ఆ మోతలో నాకు సగమే వినబడింది.