అలమారా వెనక పైపు

ఇంటి మీద అంతస్తు వెయ్యాలని పెదనాన్న నిర్ణయించినప్పుడు అందరూ ముందుగా మాట్లాడుకున్నది బయటి గోడల రంగు గురించి. పైన పెదనాన్న, పెద్దమ్మ, వాళ్ళ కొడుకూ కోడలూ ఉంటారు. కింద అమ్మ, నాన్న, నేను. వంట మాత్రం ఇదివరకటిలాగే అందరికీ కిందే, అమ్మ చేతి మీదుగా.

మాది వీధి మొగలో ఇల్లు. రెండు వైపులా రోడ్డే. పాత గోడలు పెచ్చులూడుతున్నా ఏనాడూ పట్టించుకోని పెదనాన్న, పైన గదులు లేచేసరికి రోడ్డవతల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త అల్లుణ్ణి చూసినట్టు ఇంటిని చూసుకునేవాడు.

పై బాత్రూమ్ పైపును బయటి గోడ వెంట దింపుతానన్నాడు మేస్త్రీ.

"వచ్చేపోయేవాళ్ళకి ముందు అదే కనపడాలా? ఎలివేషన్ అంతా పాడవుతుంది. లోపల్నించి తియ్యి" అన్నాడు పెదనాన్న.

"లోపల్నించంటే వంటిల్లేనండి. బాత్రూమ్ దాని మీదే కదా కట్టాం."

"అయితే ఏం? కనపడకుండా ముయ్యి."

"మీరు ఊఁ అనాలేగానీ ఏనుగునైనా మూసేస్తానండి."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"నేను పొద్దస్తమానం నిలబడేది అక్కడే బావగారూ."

"పైపులోది పైపులోనే పోతుందమ్మా. నీ గిన్నెలోకొస్తుందా?"

అమ్మ నాన్నకేసి చూసింది. "అన్నయ్య అన్నీ ఆలోచించే చెప్తాడు" అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట మీదే బతుకంతా వెళ్ళదీసిన మనిషి.

పైపు పొయ్యి గట్టు పక్క మూలలోంచి దిగింది. దాని చుట్టూ ప్లైవుడ్ కొట్టి, అరలు పెట్టి, తలుపులు బిగించారు. "నీకు అలమారా కలిసొచ్చింది, డబ్బాలు సర్దుకో" అంది పెద్దమ్మ, కానుక ఇస్తున్నట్టు. అమ్మ అందులో చెంచా కూడా పెట్టలేదు. పెద్దమ్మే దిగివచ్చి ఉప్పు, పంచదార, పిండి డబ్బాలు వరసగా పేర్చి వెళ్ళింది.

అప్పటినుంచి పైవాళ్ళ కడుపుల సంగతులన్నీ మాకు తెలిసిపోయేవి. పెదనాన్న లేవగానే పిండి డబ్బా వెనక హోరు. కాసేపాగి ఇంకో హోరు. "అబ్బాయికి రాత్రి తిండి పడలేదు" అనేది అమ్మ, ముఖం పక్కకు తిప్పుకుని. మొదట్లో నవ్వాను. తరవాత, నీళ్ళు తాగేటప్పుడు ఆ చప్పుడు వినపడితే గుటక దిగేది కాదు.

కొన్నాళ్ళకు అర కింద చెమ్మ కనిపించింది. ఆ వెనకే వాసన. నాన్న తన కంచాన్ని ముందుగదిలోకి మార్చుకున్నాడేగానీ వాసన మాట ఎత్తలేదు. పెద్దమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, "గట్టు సరిగ్గా తుడవట్లేదేమో చూసుకో" అంది. కొంగు తియ్యకుండానే, "కూరలో కాస్త కారం తగ్గించు" అని కూడా చెప్పింది.

కొత్త అంతస్తు చూపించడానికి పెదనాన్న స్నేహితుల్ని భోజనానికి పిలిచాడు. వాళ్ళు పైన తిరుగుతుండగా పైపు హోరుమంది. అలమారా తలుపు సందులోంచి మురికినీళ్ళు గట్టు మీదికి కారాయి. నాలుగు చుక్కలు చింది కూరగిన్నె మూత మీద పడ్డాయి.

నేను పిలిస్తే పెదనాన్న వచ్చి చూశాడు. గొంతు తగ్గించాడు.

"పడింది మూత మీదే కదా. కడిగేసి వడ్డించు. వాళ్ళకేం తెలుస్తుంది?"

"మీకు తెలిసింది కదా బావగారూ. ముందు మీకు వడ్డించనా?"

"ఇప్పుడు పరువు తియ్యకు."

గుమ్మంలో నిలబడ్డ నాన్న, "మూత బిగువుగానే ఉంది కదే" అన్నాడు మెల్లిగా. ఆ గట్టు మీది కంపంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

అమ్మ గిన్నెను గుడ్డతో పట్టుకుని ముందుగదిలోంచి నడిచింది. స్నేహితులు అప్పుడే మెట్లు దిగుతున్నారు. వాళ్ళ కళ్ళముందే వీధి కాలవలో కూర మొత్తం కుమ్మరించింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఒకాయన.

"పై బాత్రూమ్ పైపు మా వంటింట్లో కారుతోందండి. ఇవాళ వంట లేదు. ఆ పైపు బయటికి పోయేదాకా ఈ ఇంట్లో వంట లేదు."

ఆయన భోజనానికి చేతులు కూడా కడుక్కుని ఉన్నాడు. రుమాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, చెప్పులు వేసుకున్నాడు. మిగతావాళ్ళు ఆయన వెనకే వెళ్ళిపోయారు.

పెదనాన్న కొన్నాళ్ళు బిగదీసుకుని హోటలు పొట్లాలు తెప్పించాడు. వాటితో అందరికీ కడుపులు చెడ్డాయి. పై బాత్రూమ్ వాడితే అలమారా కారుతోంది, వాడకపోతే గడవదు. చివరికి మేస్త్రీని పిలిచాడు. పైపు బయటి గోడ మీదికి వెళ్ళింది. దానికి గోడ రంగే వేయించాడు. అయినా వీధి చివరినుంచే కనపడుతుంది.

నేనూ అమ్మా ఆ మూలంతా గీకి గీకి కడిగాం. ప్లైవుడ్ చెక్కల్నీ డబ్బాల్నీ పారేశాం. అమ్మ పొయ్యి వెలిగించి కూర దించగానే అందరూ చేతులు కడుక్కుని వంటింట్లో వరసగా కూర్చున్నారు.

"మొత్తానికి వంటిల్లు విశాలమైంది" అంది పెద్దమ్మ.

"కూర వాసన అదిరింది" అన్నాడు పెదనాన్న.

అమ్మ గరిటె నా చేతికిచ్చింది.

"నువ్వు వడ్డించు. వీళ్ళ నోళ్ళు చూస్తూ నా వల్ల కాదు."

నాన్న అప్పటికే కంచం ముందుకు జరిపాడు.